పన్ను ఫోటోలో దొంగనీడలు

శ్రీకాకుళం పల్లెల నోళ్ళు ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కింది 1971లో. డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ దంత పరిశోధకులు కలిసి 10,169 మంది గ్రామస్థులను పరీక్షించారు. చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అంగిలిని ఏం చేస్తుందో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో రాశారు. కంటితో చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టిన పని అది.

అంగిలి మీది మచ్చ కంటికి అందుతుంది. దవడ ఎముక లోపల జరిగేది అందదు. దానికి పన్ను ఫోటో కావాలి. టెక్కలికీ పలాసకీ నడుమ ఉన్న నందిగాం మండలంలో పంటిపోటు వస్తే ముందు లవంగం, తర్వాత మందుల షాపు మాత్ర, అప్పటికీ తగ్గకపోతే ఆ రెండు ఊళ్ళలో ఒకదానికి ప్రయాణం. డాక్టరు ఫోటో తీశాక అందులో కనిపించేదంతా నిజమేననుకుంటాం. నిజానికి అది నీడ. సాగడం, కుదించుకుపోవడం, ఒకదాని మీద ఒకటి పడడం నీడకు పుట్టుకతో వచ్చిన గుణాలు. వాటిని అదుపు చేయడానికి పడిన పాట్లే దంత ఎక్స్‌రే చరిత్రలో చాలా భాగం.

కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం చేరువలో ఈ పాట్లకు ఇంకో ప్రాముఖ్యం ఉంది. పంటి వేరును పట్టుకున్న ఎముక గూటి అంచు ఫోటోలో సన్నని తెల్లగీతగా కనిపిస్తుంది. దంతవైద్యులు దాన్ని లామినా డ్యూరా అంటారు. మూత్రపిండాలు చాలాకాలంగా దెబ్బతిని ఉంటే ఒంట్లో ఫాస్ఫరస్ పేరుకుంటుంది, విటమిన్ డి పని సాగదు, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి. అప్పుడు ఆ తెల్లగీత చెరిగిపోవచ్చు, దవడ ఎముక అల్లిక మసక గాజులా మారొచ్చు. అందరు రోగుల్లోనూ ఇది కనిపించదు, కనిపించినా ఆలస్యంగానే. అయినా కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస వైపు నుంచి పంటినొప్పితో వచ్చిన మనిషి ఫోటోలో ఆ గీత లేకపోతే డాక్టరు ఆగి చూడాల్సిందే. చిక్కేమిటంటే, ఫోటో తీయడంలో జరిగే తప్పులు కూడా సరిగ్గా ఆ గీతనే చెరిపేస్తాయి.

మొట్టమొదటి శత్రువు కదలిక. 1895 నవంబరు 8న రంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాడు. ఆ సంగతి లోకానికి తెలిసిన రెండు వారాలకే, 1896 జనవరిలో, జర్మనీ దంతవైద్యుడు ఓటో వాల్క్‌హాఫ్ ఫోటో గాజుపలక ముక్కను వెలుగూ తడీ తగలకుండా చుట్టి తన నోట్లోనే పెట్టుకున్నాడు. కిరణాల ముందు 25 నిమిషాలు! అంతసేపు ఎవరి తలైనా బిగుసుకుని ఉంటుందా? అదే ఏడాది అమెరికాలో న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ నోట్లో ఫిల్మును కదలకుండా పట్టి ఉంచే సాధనం తయారుచేశాడు. ఆనాటి ఎక్స్‌రే గొట్టాల్లోని వాయువు నిలకడగా ఉండేది కాదు. కిరణం సరిగా వస్తోందో లేదో చూడడానికి ఆయన తన చేతినే అడ్డుపెట్టి పరీక్షించేవాడు. మొదట వేళ్ళు పోయాయి, తర్వాత చెయ్యి. నొప్పి భరించలేక 1928లో ప్రాణం తీసుకున్నాడు. మంచి ఫోటోకు కట్టిన ధర అది. 1913లో అమెరికా శాస్త్రవేత్త కూలిడ్జ్ రూపొందించిన కొత్త గొట్టం వచ్చి కిరణాన్ని నిలకడ చేసింది. అదే ఏడాది కొడాక్ పొట్లం కట్టిన దంత ఫిల్మును అమ్మకానికి పెట్టింది. కదలిక సమస్య మొత్తం పోలేదు గానీ సెకన్లలోకి దిగింది.

అసలు పేచీ కోణంతో. సాయంత్రం ఉద్దానం కొబ్బరిచెట్టు నీడ తోట దాటిపోతుంది, మధ్యాహ్నం మొదట్లోనే ముడుచుకుంటుంది, పన్నుకూ అంతే. గొట్టాన్ని చాలినంత వాల్చకపోతే పన్ను సాగి, వేరు కొన ఫిల్ము దాటిపోతుంది. మరీ వాలిస్తే పొట్టిదవుతుంది. పక్కకు తప్పితే పక్కపక్క పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి, వాటి సందులో పుచ్చు ఉన్నా దాక్కుంటుంది. అంగిలి వంపు వల్ల పై దవడలో ఫిల్ము పంటికి సమాంతరంగా నిలవదు. 1907లో పోలెండుకు చెందిన అంటోనీ చెషిన్‌స్కీ దీనికి ఒక లెక్క చెప్పాడు: పంటికీ ఫిల్ముకీ మధ్య కోణాన్ని సగం చేసే గీతకు కిరణం నిట్టనిలువుగా పడితే, పన్ను అసలు పొడవులోనే వస్తుంది. జ్యామితి చక్కగానే ఉంది. ఆ గీత మాత్రం ఎవరి కంటికీ కనిపించదు, ఊహించుకోవాలి. 1941లో ల్వోవ్ పట్టణంలో నాజీలు కాల్చి చంపిన ఆచార్యుల్లో చెషిన్‌స్కీ ఒకడు. ఆయన లెక్కను దంత కళాశాలల్లో ఇప్పటికీ నేర్పుతున్నారు.

1947లో అమెరికాకు చెందిన గోర్డన్ ఫిట్జెరాల్డ్ ఊహను తగ్గించే దారి చూపాడు. ఫిల్మును హోల్డరులో పంటికి సమాంతరంగా నిలిపి, దానివల్ల పెరిగే దూరం బొమ్మను ఉబ్బించకుండా గొట్టాన్ని 40 సెంటీమీటర్ల దాకా వెనక్కి జరిపాడు. పుస్తకాలన్నీ ఇదే మేలంటాయి. అంగిలి లోతు లేనివాళ్ళకు, హోల్డరు తగలగానే వాంతి వచ్చేవాళ్ళకు మళ్ళీ పాత లెక్కే గతి.

లామినా డ్యూరా సంగతి ఇక్కడే తేలుతుంది. అది ప్రత్యేకమైన గట్టి ఎముక కాదు, పలచని గోడ. కిరణం ఆ గోడ వెంబడి పోయినప్పుడు దారిలో ఎక్కువ ఎముక తగిలి తెల్లగీత పడుతుంది. ఏటవాలుగా దూసుకుపోతే ఆరోగ్యవంతుడికీ గీత మాయం. అంటే కోణం కాస్త తప్పితే కిడ్నీ జబ్బు లేనివాడికి అంటగట్టొచ్చు.

మన దేశానికి ఈ విద్య నెమ్మదిగా వచ్చింది. 1920లో కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ తొలి దంత కళాశాల పెట్టాడు. 1923లో విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి, 1934లో మద్రాసు బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వచ్చాయి. దంతవైద్యుల చట్టం 1948 నాటిది. హైదరాబాదులో ప్రభుత్వ దంత వైద్యవిద్య 1959లో మొదలైంది. ఈ తేదీలన్నీ నగరాలవే. మండల కేంద్రాల దాకా యంత్రం రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

వచ్చాక కొత్త శత్రువు దాపురించింది: ఎండ. ఫిల్ము కడిగే డెవలపర్‌కు 20 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలని పుస్తకం లెక్క. మన తీరంలో మే నెలలో కుళాయి నీళ్ళే అంతకన్నా వేడి. చిన్న క్లినిక్కుల్లో డార్క్‌రూముకు బదులు ఒక డబ్బా ఉండేది: పైన ఎర్రమూత, పక్కల చేతులు దూర్చే రెండు కంతలు, లోపల మూడు గిన్నెల్లో డెవలపర్, నీళ్ళు, ఫిక్సర్. చేతులు లోపల పెట్టి, పొట్లం విప్పి, ఫిల్మును క్లిప్పుకు తగిలించి, ఎర్రమూతలోంచి చూస్తూ ముంచాలి. ద్రవం వేడిగా ఉంటే బొమ్మ ఇట్టే నల్లబడుతుంది. నల్లబడింది కదా అని ముందే తీస్తే అల్లిక నిలవదు, తీయకపోతే ఫిల్మంతా బూడిదరంగు మసక. మూత సందులోంచి వెలుగు చొరబడినా అదే మసక. వేడి ద్రవంలోంచి చల్లటి నీళ్ళలో ముంచితే పై పూత ముడతలు పడి పగుళ్ళు కనిపిస్తాయి. ఫిక్సర్ పాతదైతే కొన్నాళ్ళకు ఫోటో గోధుమరంగుకు తిరుగుతుంది. పొట్లాన్ని వెనక్కి తిప్పి నోట్లో పెడితే లోపలి సీసపు రేకు మీది గళ్ళు బొమ్మలో దిగి, కుడి ఎడమలు మారతాయి. ఈ చివరిదైతే కనీసం తప్పని తెలిసిపోతుంది. ప్రమాదమంతా బూడిదరంగు మసకతోనే. చెడగడిగిన ఫిల్మూ, కాల్షియం పోయిన ఎముకా తొలిచూపులో అన్నదమ్ముల్లా ఉంటాయి.

దవడంతా ఒకే ఫోటోలో చూపే యంత్రం ఫిన్లండ్ దంతవైద్యుడు పాటెరో పట్టుదల ఫలితం. అందులో గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. గుర్రపులాడం ఆకారంలో ఉన్న ఒక పలచని పొర మాత్రమే స్పష్టంగా పడుతుంది. తల ముందుకు జరిగితే ముందుపళ్ళు సన్నబడతాయి, వెనక్కి జరిగితే ఉబ్బుతాయి. నాలుకను అంగిలికి ఆనించకపోతే పై పళ్ళ వేళ్ళ మీద నల్లటి పట్టీ పడుతుంది. మన ఆడవాళ్ళ దగ్గర మరో పేచీ: చెవి కమ్మలు. ఎడమ చెవి కమ్మ నీడ కుడివైపు, కాస్త పైకి, ఉబ్బి, మసకగా తేలుతుంది. తెలియనివాళ్ళు దాన్ని ఎముకలో గడ్డనుకుంటారు. ఏళ్ళ తరబడి బిగిసిపోయిన కమ్మ తీయమంటే ముసలమ్మలు ఒప్పుకోరు, అదో రభస.

1987లో ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాన్సిస్ మూయెన్ రూపొందించిన, ఫిల్ముకు బదులు నోట్లో పెట్టే ఆర్‌వీజీ డిజిటల్ సెన్సరు అమ్మకానికి వచ్చింది. క్రమంగా డార్క్‌రూముకు సెలవు దొరికింది. ఎండ బెడద పోయింది, కోణం బెడద పోలేదు. సెన్సరు మందం, వంగదు. నొప్పికి రోగి సరిగా కరవడు, వేరు కొన తెగిపోతుంది. కిరణం ఎక్కువైతే పలచని అంచులు మాడిపోతాయి, తక్కువైతే బొమ్మంతా ఇసుక. కంప్యూటరులో పదును పెంచే మీట నొక్కితే పంటిలో నింపిన సిమెంటు చుట్టూ నల్లగీత పుడుతుంది. దాన్ని పుచ్చనుకుని మళ్ళీ తవ్విన సందర్భాలూ ఉంటాయి. నా మట్టుకు పాత మసకకన్నా ఈ మెరుగుదిద్దిన అబద్ధమే ఎక్కువ ప్రమాదం. మసకను చూస్తే అనుమానం వస్తుంది, పదునును చూస్తే నమ్మకం కుదురుతుంది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బును తేల్చేది అక్కడి రక్తపరీక్షలే, పన్ను ఫోటో కాదు. అయితే ఆ పరీక్షకు పంపాలా వద్దా అని నిర్ణయించేటప్పుడు దంతవైద్యుడికి పనికొచ్చే ఉపాయం ఒకటి 1910 నుంచీ ఉంది. లండన్‌కు చెందిన చార్లెస్ క్లార్క్, పైకి రాని పన్ను ముందుందో వెనకుందో తెలుసుకోవడానికి, గొట్టం జరిపి రెండో ఫోటో తీశాడు. లోపలివైపు ఉన్న వస్తువు గొట్టం జరిగిన వైపే జరిగినట్టు, బయటివైపుది ఎదురుదిక్కుకు పోయినట్టు కనిపిస్తాయి. నీడ జరగడాన్నే ఆయన సాక్ష్యంగా వాడుకున్నాడు. తెల్లగీత విషయంలోనూ అంతే: కోణం మార్చి తీసిన రెండో ఫోటోలో గీత తిరిగొస్తే తప్పు గొట్టానిది. రెండింటిలోనూ, అన్ని పళ్ళ చుట్టూ లేకపోతే ఆ రోజు పన్ను పీకడం ఆపి క్రియాటినిన్ రక్తపరీక్షకు చీటీ రాస్తారు.