గడ్డి చాకిరీ

లాన్ చరిత్ర అనగానే ఫ్రాన్స్ రాజుల తోటలూ, ఇంగ్లండ్ బంగళాలూ చెప్తారు. నాకైతే జనగామ గుర్తొస్తుంది. అక్కడ గడ్డి చరిత్రంటే ముందు వెట్టి చరిత్ర. నిజాం కాలంలో అధికార్లు ఊళ్ళోకి దిగితే పొయ్యికి కట్టెలూ, పశువులకి మేతా పైసా లేకుండా మోసింది ఊరి జనమే. దొర గడిలోనూ అదే లెక్క. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమరయ్యది కురుమ కుటుంబం. పచ్చిక విలువ తెలిసిన గొర్రెల కాపర్లు వాళ్ళు.

మేపకుండా, అమ్మకుండా, ఊరికే చూడ్డానికి గడ్డి పెంచడం ఇక్కడ ఆలస్యంగా మొదలైంది. రామప్ప గుడి (2016 నించి 2019 దాకా భూపాలపల్లి జిల్లా, ఇప్పుడు ములుగు) 1213 నాటిది. చుట్టూ ఉన్న లాన్ మాత్రం పురావస్తు శాఖ పెంచింది. ఫోటోల్లో రెండిటికీ ఒకే వయసున్నట్టుంటుంది!

ఇప్పుడు జనగామ నించి మహబూబాబాద్ దాకా ఫంక్షన్ హాల్ అంటే పేరు చివర 'గార్డెన్స్' ఉండాల్సిందే. ఆ లాన్‌కి అసలు పరీక్ష దసరా దాటాకే. బెర్ముడా గ్రాస్ అంటే మన గరికే. వినాయకుడికి పెట్టేదీ అదే, పత్తి చేలో తిట్టుకుంటూ పీకేదీ అదే. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ 1956లో విడుదల చేసిన గోల్ఫ్ రకం టిఫ్‌గ్రీన్, గరికకీ దాని ఆఫ్రికా చుట్టానికీ పుట్టిన సంకరం. ఎంత సంకరమైనా వేడిని కోరే గడ్డే. రాత్రులు చల్లబడితే ఎదుగుదల మందగిస్తుంది. అందుకే చలి ముదరకముందే యూరియా ఆపెయ్యాలి, ఆ తర్వాత వేసింది చలికాలపు కలుపుకే పోతుంది. మరీ నున్నగా కొయ్యకూడదు. నీళ్ళు సాయంత్రం కాదు, పొద్దున్నే పెట్టాలి. అమెరికాలో ఐతే గరిక మీద రై గడ్డి విత్తనాలు చల్లి చలికాలమంతా పచ్చగా నడిపించేస్తారు.

మన దగ్గర చిక్కేంటంటే, గరిక అలిసిపోయే కార్తీకంలోనే పెళ్ళిళ్ళు ఊపందుకుంటాయి. ముహూర్తమే గెలుస్తుంది, నున్నగా కోసేస్తారు. నేను చూసిన ఒక హాల్లో కోసిన గడ్డిని బస్తాల్లో గేటు బయట పెడతారు, బర్రెలున్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. కలుపు మందు కొట్టిన వారం మాత్రం వాళ్ళని రావొద్దంటాడు మాలి.