చెవి అచ్చు చరిత్ర: సాంచాల మోత నుంచి సంగీతం వరకు

చెవి అచ్చు తీయించి, ఆ కొలతకే చేయించుకొనే ఇయర్‌ఫోన్లు చాలామంది దృష్టిలో సంగీతప్రియుల విలాసవస్తువులు. కాని వాటి చరిత్రను వెనుకకు తరచి చూస్తే మొదట కనిపించేది సంగీతం కాదు. కర్మాగారపు మోత, కార్మికుని చెవుడు. ఆ చరిత్ర తెలిస్తే ఇయర్‌ఫోన్‌ను ఎలా ఎంచుకోవాలో కూడ తెలుస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వారికి అది పరాయి చరిత్ర కాదు.

వృత్తి వల్ల వచ్చే చెవుడును స్పష్టంగా వర్ణించిన తొలి వైద్యులలో ఇటలీకి చెందిన బెర్నార్దినో రామజ్జినీ ఒకరు. వృత్తిరోగాలపై ఆయన వ్రాసిన గ్రంథానికి 1713లో రెండవ కూర్పు వెలువడింది. వెనిస్ నగరంలో పగలంతా సుత్తిదెబ్బల నడుమ గడిపే రాగిపనివారి వినికిడి క్రమంగా క్షీణించి, వార్ధక్యంలో పూర్తిగా పోతుందని ఆయన అందులో గుర్తించారు. దీనికి కారణం లోపలి చెవిలో ఉన్నది. నత్తగుల్ల ఆకారపు కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. తీవ్రశబ్దానికి అవి మొదట అలసి, తరువాత దెబ్బతిని, చివరకు నశిస్తాయి. మనిషిలో ఒకసారి నశించిన రోమకణం తిరిగి పుట్టదు. సాధారణంగా 4,000 హెర్ట్జ్ పరిసరాలలోని ధ్వనులు ముందుగా తగ్గుతాయి. అందుచేత మాట వినబడుతుంది గాని 'స', 'శ', 'త' వంటి అక్షరాలు తేటపడవు. రోగి తన చెవిని కాక ఎదుటివారి ఉచ్చారణను తప్పుపడతాడు.

కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉండి, 2016లో ప్రత్యేక జిల్లాకు కేంద్రమైన సిరిసిల్లలో ఈ కథ మరమగ్గాలతో ముడిపడి ఉన్నది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. చేతిమగ్గం చప్పుడు మనిషి చేతివేగాన్ని మించదు. సాంచాలో మాత్రం ఒక కర్ర నాడెను బలంగా కొట్టి ఈ కొస నుంచి ఆ కొసకు విసురుతుంది. నాడె వెళ్లి పెట్టెకు తగిలి ఆగుతుంది. నిమిషానికి నూరుసార్లకు పైగా ఈ దెబ్బ పడుతుంది. ఒకే షెడ్డులో అనేక సాంచాలు కలిసి నడిచేటప్పుడు శబ్దం సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాలి, లేదా సైగ చేయాలి.

గోదావరికి ఇరువైపులా ఉన్న బొగ్గుబాయిలది మరొక కథ. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని గనుల పట్టణాలుగా ఎదిగాయి. డ్రిల్లింగ్ యంత్రాలు, గాలిని పంపే పెద్ద ఫ్యాన్లు, ఓపెన్‌కాస్ట్ గనుల డంపర్లు అన్నీ చెవికి భారమే. అయితే భూగర్భ గనిలో చెవి ప్రాణరక్షణ సాధనం కూడ. పైకప్పును ఇనుపకడ్డీతో తట్టి, వచ్చే ధ్వనిని బట్టి అది గట్టిగా ఉన్నదో, పొర విడివడి డొల్లగా ఉన్నదో తెలుసుకోవడం గనిపనిలో పాతపద్ధతి. కప్పు కూలడానికి ముందు వచ్చే చిటపట శబ్దం వినబడకపోతే ప్రాణానికే ముప్పు. కనుక చెవిని కాపాడే వస్తువు మోతను తగ్గించాలి గాని, అవసరమైన ధ్వనులను మూసివేయరాదు.

చట్టం ఈ నష్టాన్ని గుర్తించింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టపు జాబితాలోను, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులోను శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం వృత్తిరోగంగా చేరింది. 90 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు, 95లో 4 గంటలు, 100లో 2 గంటలు అన్నది ఫ్యాక్టరీ నిబంధనల హద్దు. కాని పదిమంది కంటె తక్కువ పనివారు గల చిన్న షెడ్డుకు ఫ్యాక్టరీల చట్టం సాధారణంగా వర్తించలేదు. అక్కడ చెవిని కాపాడుకొనే భారం పనివాని మీదనే పడింది.

అందుకు తగిన వస్తువు రావడానికి చాలాకాలం పట్టింది. 1907లో జర్మనీకి చెందిన ఔషధ నిపుణుడు మాక్స్ నెగ్వర్ మైనం, దూది కలిపి ఓరోపాక్స్ అనే చెవిబిరడాను రూపొందించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు దానిని వాడారు. 1972లో అమెరికాలో, నలిపి చెవిలో పెడితే మెల్లగా ఉబ్బి సందును పూడ్చే నురగ బిరడా అమ్మకానికి వచ్చింది. ఇది చవకైనది, సమర్థమైనది. కాని చెవిలోకి పూర్తిగా దూర్చనిదే ఫలితం ఇవ్వదు. పైగా మాటను మసకబరుస్తుంది. 1988లో ఎటిమోటిక్ రిసెర్చ్ అనే అమెరికన్ సంస్థ సంగీతకారుల కోసం తెచ్చిన బిరడా ఈ రెండవ లోపాన్ని సరిదిద్దింది. చెవి అచ్చులో చిన్న వడపోతను అమర్చి, హెచ్చు తగ్గు స్థాయిలన్నిటిని ఇంచుమించు సమానంగా 15 డెసిబెల్స్ తగ్గించడం దాని ప్రత్యేకత. శబ్దం తగ్గుతుంది, స్పష్టత మిగులుతుంది.

చెవిలో అమరే ఇయర్‌ఫోన్ పుట్టుక కూడ ఇటువంటిదే. 1891లో ఫ్రెంచి ఇంజనీరు ఎర్నెస్ట్ మెర్కాడియే 50 గ్రాముల లోపు బరువుగల టెలిఫోన్ శ్రవణసాధనానికి అమెరికాలో పేటెంటు పొందాడు. రబ్బరు తొడుగుతో చెవిలో అమర్చి, బయటి శబ్దాలను అడ్డుకోవడం దానిలోని కీలకాంశం. వినికిడి యంత్రాలు వచ్చిన తరువాత, ధ్వని బయటకు కారి ఈల వేయకుండ ఒక్కొక్కరి చెవికి వేరుగా అచ్చు పోసే విద్య స్థిరపడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీయుడు అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబైలో జాతీయ వినికిడి సంస్థ ఏర్పడింది. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉన్నది. 1995లో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీరు, వేదికపై మోత మధ్య వాయించే డ్రమ్మర్ ఆలెక్స్ వాన్ హేలెన్ కోసం చెవి కొలతకు ఇయర్‌ఫోన్‌ను చేయడంతో ఆ అచ్చు విద్య సంగీతంలో కొత్త దారి పట్టింది.

మూడువందల ఏళ్ల ఈ కథ చెప్పే సూత్రం ఒక్కటే: బయటి మోత ఎంత తగ్గితే, లోపలి శబ్దం అంత తక్కువగా చాలుతుంది. 95 డెసిబెల్స్ షెడ్డులో వదులు ఇయర్‌బడ్స్ పెట్టుకొని పాట వినేవాడు పాటను మోతకంటె పైకి పెంచక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చును. 90 వద్ద 4 గంటలే, 100 వద్ద 20 నిమిషాలే.

కొలతకు చేయించుకోదలచినవారు ముందుగా చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోవాలి. గులిమి తీయించాలి. చెవి నుంచి చీము కారుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చెవికి శస్త్రచికిత్స జరిగినా వైద్యుని అనుమతి లేక అచ్చు తీయించరాదు. అచ్చు తీసేవారు దారం కట్టిన దూది అడ్డును లోపల పెట్టి, ఆ తరువాతనే సిలికాన్ ముద్దను నింపుతారు. ఆ అడ్డు లేకుంటే ముద్ద కర్ణభేరిని తాకవచ్చును. కనుక ఇంట్లో సొంతంగా తీసుకోరాదు. దవడ కదిలితే చెవిరంధ్రం ఆకారం మారుతుంది. అందుచేత పాడేవారికి నోరు కొంత తెరచి ఉంచి అచ్చు తీస్తారు. తయారైన వస్తువును అరగంట ధరించి, మాట్లాడి, నమిలి చూడాలి. నొప్పి పుట్టినా, పట్టు సడలినా తిప్పి పంపాలి. పిల్లల చెవి పెరుగుతుంది గనుక వారి అచ్చు త్వరలోనే పాతబడుతుంది. రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు వీటిని ధరించరాదు.

ఇంత ఖర్చు అందరికీ అవసరం లేదు. వేర్వేరు కొలతల మెత్తని తొడుగులతో వచ్చే సాధారణ ఇయర్‌ఫోన్లలో చెవికి గట్టిగా పట్టేది దొరికితే చాలామందికి అదే చాలు. సాంచాల వద్ద, యంత్రాల వద్ద పనిచేసేవారికి మొదట కావలసినది పాట వినిపించే పరికరం కాదు, మోతను ఆపే బిరడా. కొద్ది రూపాయల నురగ బిరడాను సరిగా పెట్టుకొంటే ఎంతో నష్టం తప్పుతుంది. గనిలో పనిచేసేవారు మాత్రం అక్కడి రక్షణ అధికారి సూచించిన దానినే వాడాలి. పని ముగిసిన తరువాత చెవిలో గుయ్యిమని మోగుతున్నా, ఇంటివారు టీవీ శబ్దం ఎక్కువైనదని అంటున్నా వినికిడి పరీక్ష చేయించుకోవలసిన సమయం వచ్చిందని గ్రహించాలి.