తీరప్రాంత ఇళ్ల ధరలు, వాతావరణ మార్పు (అమెరికా)

సముద్రమట్టం పెరగడం, తీరం కోసుకుపోవడం, తుపాన్ల తీవ్రత హెచ్చడం వల్ల తీరంలోని ఇళ్ల విలువలో వచ్చే మార్పు. బెర్న్‌స్టీన్, గస్టఫ్‌సన్, లూయిస్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో సముద్రానికి సమాన దూరంలో ఉన్న ఒకే తరహా ఇళ్లను పోల్చారు. ముంపు ముప్పున్నవి సుమారు 7 శాతం తక్కువకు అమ్ముడుపోయాయి. యజమాని కాపురముండని ఇళ్లలోనే ఈ తేడా ఎక్కువ. సొంతానికి కొనేవారిని సముద్రం కనిపించే కిటికీ ఇంకా ఊరిస్తూనే ఉందన్నమాట.

నీళ్లు గడప తొక్కకముందే ధరను కదిలించేది బీమా. ముంపు మండలాల్లో చాలా గృహరుణాలకు వరద బీమా తప్పనిసరి. ప్రీమియం పెరిగితే కొనేవాడు ఆ భారాన్ని ధరలో కోస్తాడు. 1968లో మొదలైన జాతీయ వరద బీమా పథకం ఒక కుటుంబం ఉండే ఇంటి కట్టడానికి ఇచ్చే గరిష్ఠ రక్షణ 2,50,000 డాలర్లే.

నార్త్ కరోలినాలోని రొడాంతేలో పరిస్థితి మరీ తీవ్రం. ఒకప్పుడు ఇసుక తిన్నెల వెనుక ఉన్న స్తంభాల ఇళ్లు ఇప్పుడు అలల్లో నిలబడ్డాయి. సెప్టిక్ ట్యాంకులు బయటపడ్డాయి. 2020 నుంచి పలు ఇళ్లు సముద్రంలో కూలాయి. 2023లో జాతీయ ఉద్యానవనాల శాఖ రెండిళ్లను దాదాపు 7 లక్షల డాలర్లకు కొని, పడగొట్టించింది.

మయామీలో మరో ధోరణి ఉంది. ఎత్తైన చోట్ల ధరలు వేగంగా పెరిగాయని కీనన్ పరిశోధక బృందం 2018లో చూపింది. లిటిల్ హైతీ వంటి మెరక పేటల్లో అద్దెకుండే పేదలకు ఆ పెరుగుదలే గండం.