ఈ-వీసా: సింగిల్ ఎంట్రీనా, మల్టిపులా? టూరిస్టా, బిజినెస్సా? ఏ ట్రిప్పుకు ఏది తీసుకోవాలంటే..

ఫోన్‌లో ఫారం నింపి, పాస్‌పోర్టు పేజీ అప్‌లోడ్ చేసి, కార్డుతో డబ్బు కట్టేస్తే చాలు. కొన్ని రోజుల్లో వీసా మెయిల్‌కి వచ్చేస్తుంది. ఎంబసీ చుట్టూ తిరిగే పనే లేదు. చీరాల లాంటి ఊళ్లో కూర్చుని కూడా వియత్నాం, శ్రీలంక ట్రిప్ ప్లాన్ చేసుకోవచ్చు. అయితే ఆ ఫారంలో కనిపించే మూడు ప్రశ్నల దగ్గరే చాలామంది తొందరపడుతున్నారు. ఎందుకు వెళ్తున్నారు? ఎన్నిసార్లు ఆ దేశంలోకి అడుగుపెడతారు? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? వీటిలో ఒక్కటి తప్పు పెట్టినా కట్టిన ఫీజు పోయినట్టే. ఒక్కోసారి టికెట్ డబ్బులు కూడా.

అసలు వీసా కావాలా?

ముందు ఇది చూసుకోవాలి. మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులను 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. థాయ్‌లాండ్ 2024 జులైలో 60 రోజుల మినహాయింపు ప్రకటించింది. ఈ సడలింపులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. ఎప్పుడో చూసిన రీల్‌ని నమ్ముకోకుండా, టికెట్ కొనే ముందు ఆ దేశ ఇమిగ్రేషన్ సైట్ ఒకసారి చూడాల్సిందే. ఇంకో మాట. వీసా లేకపోయినా ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. ఇది ఉచితం. దీనికి కూడా డబ్బులు గుంజే సైట్లు ఉన్నాయి, జాగ్రత్త.

సింగపూర్ సంగతి వేరు. భారతీయులకు వీసా కావాలి, వచ్చేది ఈ-వీసానే. కానీ మామూలుగా గుర్తింపు ఉన్న ఏజెంట్ ద్వారానే అప్లై చేయాలి.

25 డాలర్లా, 50 డాలర్లా?

వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాల వాళ్లకూ 90 రోజుల వరకు ఈ-వీసా ఇస్తోంది. సింగిల్ ఎంట్రీ 25 డాలర్లు, మల్టిపుల్ ఎంట్రీ 50 డాలర్లు. సగానికి సగం తేడా కనిపిస్తుంటే ఎవరైనా 25 వైపే చూస్తారు. హనోయ్‌లో దిగి, అటు నుంచి హోచిమిన్ సిటీ చూసుకుని ఇంటికొచ్చేస్తే అది చాలు కూడా.

చిక్కు ఎక్కడంటే.. మధ్యలో కంబోడియా వెళ్లి అంకోర్ వాట్ చూసి, మళ్లీ వియత్నాం నుంచే రిటర్న్ ఫ్లైట్ ఎక్కాలనుకునే వాళ్లకి. వియత్నాం దాటి బయటికెళ్లిన క్షణమే సింగిల్ ఎంట్రీ వీసా పని అయిపోతుంది. 90 రోజుల గడువులో ఇంకా 80 రోజులు మిగిలున్నా సరే, రెండోసారి లోపలికి రానివ్వరు. ఇలాంటి ప్లాన్ ఉంటే 50 డాలర్లదే తీసుకోవాలి. లేదంటే రిటర్న్ టికెట్ కంబోడియా నుంచే వేసుకోవాలి. శ్రీలంక టూరిస్ట్ ఈటీఏ మాత్రం మామూలుగా 30 రోజులకు, రెండు ఎంట్రీలతో వస్తుంది.

తేదీల లెక్క దేశానికో రకం

ఇక్కడే ఎక్కువ తికమక. వియత్నాం ఈ-వీసాలో ప్రారంభ తేదీ, ముగింపు తేదీ రెండూ అచ్చై ఉంటాయి. ప్రారంభ తేదీకి ఒక్క రోజు ముందు దిగినా లోపలికి పోనివ్వరు. ఫ్లైట్ అర్ధరాత్రికి అటూ ఇటూ దిగేదైతే తేదీ రెండుసార్లు చూసుకోండి. కంబోడియా టూరిస్ట్ ఈ-వీసా లెక్క ఇంకోలా ఉంటుంది. వీసా ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఎప్పుడైనా వెళ్లొచ్చు, వెళ్లాక ఉండేది 30 రోజులే. మూడు నెలలు అని రాసుందని అన్నాళ్లు ఉండిపోతే, రోజుకి 10 డాలర్ల జరిమానా. దుబాయ్‌లో గడువు దాటితే రోజుకి 50 దిర్హామ్‌లు.

అటు నుంచి ఇటు వచ్చే వాళ్లకీ ఇదే తంటా. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మనవడో మనవరాలో పండక్కి చీరాల వస్తుంటే, ఓసీఐ కార్డు లేకపోతే ఇండియా ఈ-టూరిస్ట్ వీసా తీసుకోవాలి. అందులో 30 రోజులు, ఏడాది, ఐదేళ్లు అని మూడు రకాలు. 30 రోజుల వీసాపై కనిపించే ఎక్స్‌పైరీ డేట్ లోపలికి రావడానికి ఆఖరి తేదీ. ఉండే 30 రోజులు మాత్రం దిగిన రోజు నుంచి లెక్క. ఏడాది, ఐదేళ్ల వీసాలకు గడువు అనుమతి ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. తరచూ వచ్చిపోయే కుటుంబాలకు ఐదేళ్లదే మేలు.

ఇంటిపేరు దగ్గర ఆగిపోతారు

ఇది మన తెలుగువాళ్ల సమస్య. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు ముందు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో. కొందరికైతే పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. వీసా ఫారంలో ఆధార్ చూసి పేరు కొట్టకూడదు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అదే, అక్షరం తేడా లేకుండా కొట్టాలి. పేరు గానీ పాస్‌పోర్టు నంబర్ గానీ సరిపోలకపోతే ఎయిర్‌లైన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. చీరాల నుంచి గన్నవరం వెళ్లినా, చెన్నై వెళ్లినా కౌంటర్‌లో జరిగేది ఇదే.

పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లు యూఏఈ విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. సింగిల్ నేమ్ పాస్‌పోర్టుతో విజిట్, టూరిస్ట్ వీసాలపై వచ్చేవాళ్లను అనుమతించబోమని 2022 నవంబర్‌లో ఆ దేశం చెప్పింది. తర్వాత కొంత సడలింపు ఇచ్చినా, ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకోవడం మంచిది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు.

వ్యాపారం పని మీద వెళ్తే?

గుంటూరు మిర్చి కొనే దేశాల్లో శ్రీలంక, మలేషియా, థాయ్‌లాండ్ ఉన్నాయి. కొనేవాళ్లతో మాట్లాడ్డానికి నాలుగు రోజులు కొలంబో వెళ్లే ఎగుమతిదారు 'టూరిస్ట్' అని టిక్ పెట్టేయడం మామూలే. ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగితే మాత్రం మీటింగ్ అని చెబుతారు! శ్రీలంక ఈటీఏలో టూరిస్ట్, బిజినెస్ విడివిడిగా ఉంటాయి. మీటింగ్‌కి వెళ్తే బిజినెస్సే పెట్టాలి, పిలిచిన సంస్థ లెటర్ దగ్గర ఉంచుకోవాలి. వియత్నాం ఫారంలోనూ ఎందుకు వస్తున్నారో విడిగా అడుగుతారు.

'టూరిస్ట్ వీసాపై వెళ్లు, అక్కడ మార్చేస్తాం' అంటే..

అన్నింటికంటే ప్రమాదం ఇది. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ యువకుల దగ్గర డబ్బులు తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కంబోడియా పంపారని తేలింది. చేతిలో ఉన్నది టూరిస్ట్ వీసా. అక్కడికెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. అదే నెలలో భారత ఎంబసీ చొరవతో విడిపించిన వారిలో కొందరు విశాఖ ఎయిర్‌పోర్టులో దిగారు.

టూరిస్ట్ ఈ-వీసాతో జీతానికి పని చేసే హక్కు ఉండదు. గడువు దాటితే మనమే నేరం చేసినట్టు లెక్క, అందుకే ఫిర్యాదు చేయడానికీ భయపడతారు. ఏజెంట్లకు కావాల్సింది కూడా అదే. ఉద్యోగానికైతే వర్క్ వీసా, కంపెనీ పేరుతో కాంట్రాక్టు రెండూ ఇక్కడే చేతికి రావాలి. టెన్త్ పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కేటగిరీలో ఉంటుంది. వాళ్లు గల్ఫ్, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే కేంద్రం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. టూరిస్ట్ వీసాపై పంపడం అంటే ఈ తనిఖీని తప్పించడమే. రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. వాళ్లు సర్వీస్ ఛార్జీ కింద 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. లక్షన్నర అడిగాడంటే అక్కడే అనుమానించాలి.

ఏ సైట్‌లో అప్లై చేయాలి?

గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి చాలాసార్లు యాడ్స్. జెండా, రాజముద్ర అన్నీ ఉంటాయి, ఫీజు మాత్రం రెండు మూడింతలు. అడ్రస్ చివర చూడండి. వియత్నాందైతే 'జీవోవీ డాట్ వీఎన్' అని, కంబోడియాదైతే 'జీవోవీ డాట్ కేహెచ్' అని, ఇండియాదైతే 'జీవోవీ డాట్ ఇన్' అని ముగియాలి. నకిలీ సైట్‌లో డబ్బులు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. విదేశీ ఉద్యోగం, ఏజెంట్ విషయంలో అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 11 3090.