మహారాజుల వ్యాజ్యెము

1862 జనవరి 25వ తేదీన బొంబాయి సుప్రీంకోర్టులో విచారణకు వచ్చిన వ్యాజ్యెము పైకి ఒక పరువునష్టపు దావా మాత్రమే. వాది వల్లభ సంప్రదాయమునకు చెందిన గురువు, సూరతు నుండి వచ్చిన జదునాథ్‌జీ మహారాజు. ప్రతివాదులు 'సత్యప్రకాశ్' అను గుజరాతీ వారపత్రిక సంపాదకుడు కర్సన్‌దాస్ మూల్జీ, దాని ముద్రాపకుడు నానాభాయి రుస్తుంజీ రాణీనా. వాది కోరిన పరిహారము 50,000 రూపాయలు. కాని న్యాయస్థానము ముందు నిలిచిన ప్రశ్న అంతకంటె పెద్దది: గురువు నడవడిని శిష్యుడు నలుగురిలో విమర్శింపవచ్చునా?

ఈ సంప్రదాయమునకు మూలపురుషుడు తెలుగువారికి పరాయివాడు కాడు. వల్లభాచార్యుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబమున జన్మించినవాడు. ఆయన శుద్ధాద్వైతమును బోధించి, భగవదనుగ్రహమే తరణోపాయమని పుష్టిమార్గమును నెలకొల్పెను. తనువు, మనస్సు, ధనము మూడింటిని శ్రీకృష్ణునికి అర్పించుట అందలి దీక్ష. ఆయన కుమారుడు విఠ్ఠలనాథుని సంతతివారే తరతరములుగ గురువులై, మహారాజులని పిలువబడిరి. బొంబాయిలోని భాటియాలు, బనియాలు మున్నగు వర్తకులు వారికి శిష్యులు; తమ వ్యాపారముపై గుడికి కొంత రుసుము చెల్లించుట వారికి ఆచారము. కృష్ణునికి అర్పించినది గురువునకు అర్పించినట్లే యను భావము వారిలో క్రమముగ బలపడినది. వివాదమునకు బీజము ఇక్కడనే యున్నది.

కర్సన్‌దాసు బయటివాడు కాడు. 1832లో ఆ వైష్ణవ బనియాలలోనే పుట్టినవాడు. విద్యార్థిగ నున్నప్పుడే వితంతు వివాహమును సమర్థించుచు వ్యాసము వ్రాసి, ఆశ్రయమిచ్చిన బంధువుల ఇల్లు విడువవలసినవాడయ్యెను. 1855లో పత్రిక నెలకొల్పెను. 1859లో, మహారాజులను న్యాయస్థానమునకు రప్పింపరాదనియు, వారికి వ్యతిరేకముగ వ్రాయరాదనియు శిష్యులచేత ఒక పత్రముపై సంతకములు చేయింపగా, దానిని ఆయన బానిసపత్రమని ఎత్తిపొడిచెను. 1860లో జదునాథ్‌జీ బొంబాయికి వచ్చి, వితంతు వివాహమును గూర్చి కవి నర్మదునితో వాదించెను. సంప్రదాయ పక్షమున ఒక పత్రికయు వెలువడినది. అచ్చుకు అచ్చే బదులు చెప్పుచున్నంతవరకు ఈ పోరు ధర్మముగనే సాగినదనవలెను.

ఆ యేడే 'సత్యప్రకాశ్'లో హిందువుల అసలు ధర్మమును, నాటి పాషండ మతములను గూర్చిన వ్యాసము వెలువడినది. ప్రాచీన ధర్మమే సత్యమనియు, తరువాతి మతములు కల్పితములనియు అది వాదించినది. అంతటితో నిలువక, మహారాజులు భక్తుల ఇంటి స్త్రీలయెడ దుర్నీతితో మెలగుచున్నారని జదునాథ్‌జీని పేరెత్తి నిలదీసినది. 1861లో ఆయన దావా వేసెను. అంతట భాటియా పెద్దలు సభచేసి, మహారాజునకు ప్రతికూలముగ సాక్ష్యము చెప్పినవారిని వెలివేయుదుమని నిర్ణయించిరి. సాక్షులను బెదరించు ఈ కుట్రపై కర్సన్‌దాసు ఫిర్యాదు చేయగా, ఆ పెద్దలకు జరిమానా పడినది.

అసలు విచారణ 24 దినములు సాగినది. మతతత్త్వమును గూర్చి క్రైస్తవ మతప్రచారకుడు, పండితుడు అయిన జాన్ విల్సన్ సాక్ష్యమిచ్చెను. జదునాథ్‌జీకి వైద్యము చేసిన డాక్టరు భావుదాజీ ప్రభృతులు ఆయన వ్యాధిని గూర్చి చెప్పిరి. సంప్రదాయములోని వారును కొందరు ధైర్యముతో ముందుకు వచ్చిరి. ఏప్రిల్ 22న ప్రధాన న్యాయమూర్తి మాథ్యూ సాసె, న్యాయమూర్తి జోసెఫ్ ఆర్నోల్డ్ తీర్పు చెప్పిరి. వ్యాసములోని ఆరోపణలు రుజువైనవి. కర్సన్‌దాసునకు ఖర్చుల క్రింద 11,500 రూపాయలు లభించినవి. నీతికి విరుద్ధమైనది మతసిద్ధాంతమను పేరిట ఒప్పు కాజాలదని ఆర్నోల్డ్ అభిప్రాయపడెను.

ఈ విజయమును రెండు విధములుగ తూచవలసియున్నది. ప్రాచీనమైనదే శుద్ధమను వాదము చరిత్రకు నిలువదు. భక్తులు అనేకులు వేదముల తరువాతి వారే. హిందువుల ధర్మమేదో విదేశ న్యాయమూర్తులు, మతప్రచారకుని సాక్ష్యమును విని నిర్ణయించుటయు సమంజసము కాదు. ఆత్మార్పణమను భక్తిభావమునకు దేహార్థమే చెప్పినచో సూరదాసునివంటి కవులను పోషించిన సంప్రదాయమునకు అన్యాయమగును. కాని కర్సన్‌దాసును గెలిపించినది ఆ తత్త్వవిచారము కాదు. వైద్యులును, శిష్యులును చెప్పిన ప్రత్యక్ష విషయములు. దోషము సిద్ధాంతమునది కాకపోవచ్చును; సిద్ధాంతమును చాటుచేసికొన్న అధికారమునది మాత్రము నిశ్చయము.

1863లో ఇంగ్లండునకు వెళ్లినందుకు కర్సన్‌దాసును కులమువారు వెలివేసిరి. 1871లో, నలువది యేండ్లు నిండకమునుపే, ఆయన మరణించెను. పుష్టిమార్గమును నశింపలేదు, దాని గుడులు నేటికిని భక్తులతో కళకళలాడుచున్నవి. 2024 జూన్‌లో ఈ కథపై తీసిన చలనచిత్రము విడుదలను గుజరాతు హైకోర్టు కొన్ని దినములు నిలిపి, చిత్రమును చూచిన పిదప అనుమతించినది. నూటయరువది యేండ్ల పిదపను విశ్వాసికి నొప్పి తగ్గలేదు, విమర్శకునికి పని తీరలేదు. ఇద్దరును మాటతోనే పోరాడునట్లు చూచుట సమాజము బాధ్యత. సాక్షి నోరు మూయించుటకు వెలిని ఆయుధముగ పట్టిన దినమున పరువు పోగొట్టుకొన్నది విమర్శకుడు కాదు.