బడి రాసుకున్న మన ఒళ్ళు

అమ్మ పోయిన ఏడాదికి గానీ ఆమె ట్రంకుపెట్టె తెరవలేకపోయాను. చీరల అడుగున నాలుగు మడతలు పెట్టిన పాత కాగితం ఒకటి దొరికింది. అది అమ్మ టి.సి. 1951లో కోనసీమలోని ఒక హైస్కూలు ఇచ్చింది. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ ఉన్నాయి. మశూచికం టీకా వేసినట్టు ఒక మాట ఉంది. గుర్తుల దగ్గర కుడి మోచేతి మీద ఒక పుట్టుమచ్చ, మెడ మీద మరొకటి. బడి మానడానికి కారణం అన్నచోట 'తల్లిదండ్రుల కోరిక' అని రాసి ఉంది.

అసలు కారణం అమ్మ మాకు చాలాసార్లు చెప్పింది. "పెద్దమనిషినయ్యానే. తలంటి పోసిన మర్నాడే మా నాన్న నా పుస్తకాలు అటకెక్కించేశాడు. లెక్కల్లో నాకే ఎక్కువ మార్కులొచ్చేవి తెలుసా?" అనేది. ప్రతిసారీ ఆ లెక్కల మార్కుల దగ్గరే ఆగిపోయేది.

ఆ కాగితం బల్ల మీద పెట్టుకుని నా పదో తరగతి సర్టిఫికెట్టు కూడా తీశాను. అందులోనూ నా ఒంటి గురించి రాసినవి రెండు పుట్టుమచ్చలే. మీవీ ఓసారి తీసి చూసుకోండి. ఆ మచ్చల కోసం క్లాసు టీచరుగారి ముందు చేతులు చాపి నిలబడటం, కనపడే చోట రెండో మచ్చ దొరక్క సిగ్గుతో చచ్చిపోవడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనల్ని గుర్తుపట్టడానికి ఏం కావాలో, మనవల్ల పక్కవాళ్ళకి అంటురోగం రాకుండా ఏం చెయ్యాలో బడి రాసుకుంది. అమ్మ చదువుని ఆపేసిన సంగతి మాత్రం ఏ గడిలోనూ లేదు. ముప్పై ఏళ్ళపాటు కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన నాకు, ఆ గళ్ళు ఎవరి అవసరం కోసం గీశారన్న ప్రశ్న అంత ఆలస్యంగా వచ్చింది.

గోదావరి జిల్లాల్లో ఆడపిల్లల చదువు గురించి మాట్లాడితే 1874లో ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు పెట్టిన బాలికా పాఠశాల దగ్గర మొదలుపెడతాం. మొదలుపెట్టాల్సిందే. అయితే ఆ కాలపు బళ్ళలో కూర్చున్నది చిన్నపిల్లలు. పై కులాల ఇళ్ళలో రజస్వల కాకముందే పెళ్ళి, అయ్యాక కాపురం. కాపురానికి సమ్మతి వయసును పదేళ్ళ నుంచి పన్నెండేళ్ళకు పెంచుతూ 1891లో చట్టం వస్తే అదే పెద్ద గగ్గోలయింది. ఆడపిల్ల పెళ్ళికి 14 ఏళ్ళు నిండాలని చెప్పడానికి 1929 నాటి శారదా చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఎదుగుతున్న ఆడపిల్ల ఆరోగ్యం గురించి బడి ఆలోచించాల్సిన పని చాలాకాలం పడలేదు. ఆ వయసు రాగానే ఆ పిల్ల బడిలో ఉండేది కాదు. పంతులుగారు దేహారోగ్యం గురించి పుస్తకం కూడా రాశారు. కానీ చదువుకున్న ఆడపిల్ల ఆ జ్ఞానాన్ని బడిబల్ల మీద కాక ఇంటి అరుగు మీద వాడుకోవాల్సిందే. ఇల్లు శుభ్రంగా పెట్టుకోవడానికీ, పిల్లల్ని బాగా పెంచడానికీ అది పనికొచ్చింది. తన ఒళ్ళు తనకోసం తెలుసుకోవడమన్న మాట ఇంకా పుట్టలేదు.

ప్రభుత్వం బడిపిల్లల ఒంటి మీద కన్ను వేసింది మాత్రం అంటువ్యాధుల భయంతో. అమ్మ టి.సి.లోని టీకా మాట ఆ భయానిదే. టీకా గొప్పతనాన్ని తక్కువ చెయ్యను. మా మేనత్త మొహం మీద అమ్మవారి మచ్చలు చూస్తూ పెరిగినదాన్ని. 1975 తర్వాత మన దేశంలో మశూచికం లేదు. ఆ గడి అవసరమైన గడే. మిగతా గళ్ళ మాటేమిటన్నదే నా బాధ.

మన దేశంలో బడిపిల్లలకు వైద్యపరీక్షలు 1909లో బరోడా నగరంలో మొదలయ్యాయని ప్రజారోగ్య పుస్తకాలు చెబుతాయి. మన జిల్లాలు అప్పట్లో మదరాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్ర శాసనమండలిలో 1927 నుంచి 1930 దాకా ఉన్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి బడిపిల్లల వైద్యపరీక్షల కోసం వాదించారు. దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం ఆమె చేసిన పోరాటం మనకు బాగా తెలుసు. ఈ పని అంతగా గుర్తుపెట్టుకోలేదు. పుదుక్కోటలో మగపిల్లల కాలేజీలో చదివి, 1912లో మదరాసు వైద్య కళాశాల నుంచి పట్టా తీసుకున్న మనిషి ఆమె. చదువుకునే చోట ఆడపిల్ల ఒంటికి ఎన్ని ఇబ్బందులో ఎవరూ ఆమెకి విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, 1946లో, భోర్ కమిటీ తన నివేదికలో బడిపిల్లల ఆరోగ్య సేవలు దేశంలో దాదాపు లేవనే చెప్పింది. స్వతంత్రం వచ్చాక, 1958లో, స్త్రీవిద్య మీద జాతీయ కమిటీ వేశారు. దాని అధ్యక్షురాలు మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదని చదువుకున్నామె. 1960లో బడిపిల్లల ఆరోగ్యం మీద ఇంకో కమిటీ వేశారు. దానికి అధ్యక్షురాలు రేణుకా రే. ఇద్దరూ రాజ్యాంగ సభలో కూర్చున్న ఆడవాళ్ళు. ఒకరి కమిటీ ఆడపిల్లల చదువు చూసింది, ఇంకొకరిది బడిపిల్లల ఆరోగ్యం చూసింది. 1959లో ఒక నివేదిక, 1961లో ఇంకొకటి వచ్చాయి. ఆ రెండు నివేదికలూ కలవాల్సిన చోటు మా ఊరి హైస్కూలు. 1970ల్లో నేనక్కడ ఉన్నాను. అవి ఇంకా చేరలేదు.

నేను ఆరు నుంచి పది దాకా చదివింది ఒక కాలువ గట్టున ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో. కాటన్ దొర ఆనకట్ట కట్టాక మా డెల్టాలో ఊరూరికీ వచ్చిన కాలువే అది. అందులోనే గేదెల్ని కడిగేవారు, అందులోనే బట్టలుతికేవారు, ఆ నీళ్ళే కడవల్లో ఇంటికొచ్చేవి. మా క్లాసులో సగంమంది మొహాలు పాలిపోయి ఉండేవి. అది మా రంగు అనుకునేవాళ్ళం.

ఏడాదికోసారి 'మెడికల్' అనేవారు. కాంపౌండరుగారు బరువు తూచే మిషను పట్టించుకొచ్చేవారు. అందరం వరండాలో వరస కట్టేవాళ్ళం. డ్రిల్లు మాస్టారు బరువు చూసి పైకి అరిచేవారు, క్లాసు లీడరు రాసుకునేవాడు. ఆడపిల్లల బరువు వినపడినప్పుడల్లా వెనక బెంచీ వాళ్ళు నవ్వేవారు. డాక్టరుగారు నాలుక చూసి, కళ్ళు కిందకి లాగి, "నెక్స్ట్" అనేవారు. అంతే. ఏం కనిపించిందో మాకు చెప్పలేదు, ఎలా ఉందని మమ్మల్ని అడగలేదు. ఆ పుస్తకం హెడ్మాస్టరుగారి బీరువాలోకి వెళ్ళిపోయేది.

బడిలో ఆడపిల్లలకి దొడ్డి లేదు. పొద్దున్న ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాక్కుండా ఉండటం మాకు అలవాటు. నెలలో మూడు రోజులు బడి మానేసేవాళ్ళం. మర్నాడు సెలవు చీటీ ఇవ్వాలి, నాన్న సంతకం ఉండాలి. "అయ్యా, నాకు జ్వరము వచ్చినందున" అని మొదలయ్యేది అందరి చీటీ. ఒకసారి మా క్లాసు మాస్టారు చీటీలు పక్కన పడేస్తూ, "ఏంటర్రా మీ ఆడపిల్లలకి నెలనెలా జ్వరాలు!" అన్నారు. మేం తల దించుకున్నాం. ఆయనకి తెలియక కాదు. తెలిసినా తెలియనట్టే నడవాలన్నది మా అందరి మధ్య ఉన్న ఒప్పందం. ఎవరైనా చరిత్రకారిణి ఆ చీటీలు చూస్తే, 1970ల్లో గోదావరి డెల్టాలో పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లలకి మాత్రమే వచ్చే వింత జ్వరం ఒకటి ఉండేదని రాస్తుంది.

నా పక్కన కూర్చునే పిల్ల గురించి కూడా చెప్పాలి. పేరు రాయను. ఉభయ గోదావరి జిల్లాలు బోదకాలుకి పేరుపడ్డవి. దేశంలో ఫైలేరియా నివారణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. ఆ పురుగులు రాత్రిపూట నెత్తుట్లో తిరుగుతాయి గనక పరీక్ష కోసం రాత్రిపూటే వచ్చి వేలు పొడిచి నెత్తురు తీసుకోవాలి. "ఎదిగిన పిల్ల ఉన్న ఇంటికి రాత్రిపూట మగాళ్ళు రావడమేంటి?" అని వాళ్ళమ్మ పిల్లని లోపలి గదిలో దాచేసేది. ఎనిమిదో తరగతిలో ఆ పిల్లకి ఎడంకాలు వాచింది. లంగా నేలకి జీరాడేలా కట్టుకుని, మెడికల్ రోజున వరసలో అందరికన్నా చివర నిలబడేది. బరువు తూచారు, నాలుక చూశారు, కళ్ళు చూశారు. కాలు ఎవరూ చూడలేదు. తను చెప్పలేదు. నలభైమంది వింటుండగా ఎలా చెబుతుంది? వాపు ముదరకముందు వాడితే పనికొచ్చే బిళ్ళలు అప్పటికే ఉన్నాయని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తొమ్మిదో తరగతి మధ్యలో తను బడి మానేసింది. టి.సి.లో కారణం ఏం రాసి ఉంటారో మీరే ఊహించండి.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకుంటూ ఉండగా 2009 వచ్చింది. అదే గోదావరి ఒడ్డున, మాకు ఎగువన, అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో కలిసి చేసిన అధ్యయనం అది. పిల్లల్లో చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండేవాళ్ళు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాలు నిలదీయడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదేనని ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకుంటోంది. నా మనవరాళ్ళకి వేయించమనే నేనూ చెబుతాను.

నన్ను పట్టుకున్నది ఇంకో సంగతి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో మన రాష్ట్రపు అంగీకార పత్రాల లెక్క ఉంది. మొత్తం 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఆ అంకెలు చదివాక నాకు మా వరండా గుర్తొచ్చింది. పిల్లకి చెప్పలేదు, తల్లికి అర్థమయ్యేలా చెప్పలేదు. తల్లి ఎక్కడో గూడెంలో ఉంటే సంతకం వార్డెన్ పెట్టేశారు. మంచి మందే అయినా అడక్కుండా ఇస్తే ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది? తన చెయ్యి చాపమంటే చాపాలనే కదా! అడిగి ఇచ్చి ఉంటే ఆ టీకా మీద జనానికి అన్నేళ్ళు అనుమానం ఉండేది కాదని కూడా నా నమ్మకం.

తర్వాత మార్పు రాలేదని అనను. 2010 నవంబరు 14న రాష్ట్రంలో జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది, పిల్లలకి ఆరోగ్య కార్డులొచ్చాయి. వారానికో ఐరన్ బిళ్ళ వచ్చింది. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడికి వెళ్ళే బృందంలో ఇద్దరు డాక్టర్లుండాలనీ, వాళ్ళలో ఒకరు స్త్రీ అయ్యుండాలనీ రాశారు. ఆ ఒక్క వాక్యం చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నా పక్కన కూర్చునే పిల్ల కాలు చూడగలిగే మనిషి ఆ వాక్యంలో ఉంది. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మా సెలవు చీటీల్లోని జ్వరానికి పేరు పెట్టడానికి ప్రభుత్వానికి అంతకాలం పట్టింది.

అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. రిటైరయ్యాక ఒక బడికి మాట్లాడటానికి వెళ్ళినప్పుడు ఓ తొమ్మిదో తరగతి పిల్ల ఐరన్ బిళ్ళ బుగ్గన పెట్టుకుని, టీచరు అటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేసింది. ఎందుకమ్మా అనడిగాను. "వికారం అండీ. విరోచనం నల్లగా అవుద్దండీ. నాకేమైపోతుందోనని భయమేసింది" అంది. అలా అవడం మామూలేననీ, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందనీ ఎవరూ చెప్పలేదా అంటే తల అడ్డంగా ఊపింది. బిళ్ళ మింగినట్టు రిజిస్టర్లో టిక్కు మాత్రం పడింది.

మొన్న మా చెల్లెలి మనవరాలు నా దగ్గరికి వచ్చి రెండ్రోజులుంది. వెళ్ళే ముందు సెలవు చీటీ రాసి సంతకం పెట్టమంది. "నెలసరి నొప్పి వల్ల నిన్న బడికి రాలేకపోయాను" అని గుండ్రంగా రాసింది. కలం చేతిలోకి తీసుకున్నాను. ఇన్నాళ్ళు స్త్రీల చరిత్ర చెప్పిన నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "జ్వరం అని రాయకూడదుటే?"

ఆ పిల్ల నావంక వింతగా చూసింది. "జ్వరం లేదుగా అమ్మమ్మా" అంది.

సంతకం పెట్టాను.