చీటీలలో దొరకిన వ్యాధి

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమందలి రోచెస్టరు పట్టణమున మేయో సోదరుల వైద్యశాల, 1907వ సంవత్సరమునకు ముందు, రోగుల వృత్తాంతములను మన వర్తకుల ఆవర్జాలను పోలిన పెద్ద పుస్తకములలో వ్రాసికొనుచుండెను. ఏ వైద్యుని పుస్తకము ఆ వైద్యునిదే. ఒక రోగి ముగ్గురు వైద్యులకు చూపించుకొనెనేని అతని కథ మూడు పుస్తకములలో మూడు ముక్కలై పడియుండును. హెన్రీ ప్లమ్మరు అను వైద్యుడు ఆ యేట ప్రతి రోగికిని ఒక సంఖ్యను, ఒక కవరును ఏర్పఱచి, పరీక్షాఫలితములు, శస్త్రచికిత్సా వివరణములు, ఉత్తరములు సర్వమును అందే చేర్చునట్లు కట్టడిచేసెను. వ్యాధినిబట్టి రోగులను వెదకుటకు వేఱొక సూచికయు వెలసెను. చూచుటకిది గుమాస్తా పని. కాని డెబ్బది మూడేండ్లకు ఒక వ్యాధికి నామకరణము జరిగినది ఈ వైద్యశాలయందే.

యకృత్తున క్రొవ్వు చేరుట క్రొత్త సంగతి కాదు. 1836లో లండనునందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ దానిని వర్ణించుచు మద్యపానముతో ముడివెట్టెను; ఆ ముడి శతాబ్దమునకు పైగా సడలలేదు. 1911లో మల్లరీ యను పండితుడు త్రాగుబోతుల యకృత్కణములలో చూపిన గులాబివన్నె ముద్దలు ఆ ముడిని మఱింత బిగించెను. కావున, మధుమేహముతో వచ్చిన ఒక స్థూలకాయురాలి యకృత్తున అవియే ముద్దలు కానవచ్చినపుడు వైద్యుడు మద్యపు మాట యెత్తును, ఆమె లేదనును, అతడు నమ్మడు. సూక్ష్మదర్శినికిని రోగి నోటిమాటకును వ్యాజ్యెము వచ్చినచో ఓడునది ఎల్లప్పుడును నోటిమాటయే.

1980లో మేయో వైద్యశాల వ్యాధిశాస్త్రజ్ఞుడు యుర్గెన్ లుడ్విగ్, తన సహచరులతో కూడి, అట్టి 20 మంది వృత్తాంతములను ఒకచోట పేర్చిచూచెను. స్త్రీలే అధికము, పెక్కురు స్థూలకాయులు, పలువురికి మధుమేహమో పిత్తాశయమున రాళ్లో కలవు, ముగ్గురి యకృత్తు అప్పటికే గట్టిపడి సిరోసిస్ దశను చేరెను. ఒక్కొక్కరిని విడిగా చూచినచో అనుమానము. ఇరువదిమందిని కలిపి చూచినచో వ్యాధి. దానికాయన నాన్ ఆల్కహాలిక్ స్టీయటోహెపటైటిస్, అనగా మద్యమువలన కాని క్రొవ్వు యకృత్తు వాపు, అని పేరిడెను. ఆ పేరు నాకు రుచింపదు. ఒకనిని ‘రామయ్య కానివాడు’ అని పిలిచినట్లున్నది. 2023లో పండితులు దానిని మార్చి, జీవక్రియాలోపమును పేరులోనికి తెచ్చిరి.

కవరులు పోయి కంప్యూటరులు వచ్చినపిదప వెదకుట సులభమయ్యెననుకొనుట పొరపాటు. అమెరికా ఆసుపత్రుల పాత పట్టికలో 571.8 అను సంఖ్య క్రింద క్రొవ్వు పట్టిన యకృత్తును వేఱు వ్యాధులతో కలిపి పడవైచిరి. కావున వైద్యుల వ్రాతలనే యంత్రముచేత చదివింపవలసివచ్చెను. ‘యకృత్తున క్రొవ్వు లేదు’ అని స్కానింగు రిపోర్టులో నున్నచో, క్రొవ్వు అను మాటను మాత్రమే పట్టుకొను యంత్రము ఆరోగ్యవంతుని గూడ రోగుల పట్టీలో చేర్చును. ‘లేదు’ అను చిన్నమాటను నేర్పుట గొప్ప పాటయ్యెను.

2024లో ఫ్రాన్సు దేశపు లీల్ నగర పరిశోధకులు ఈ వ్యాధియందు రెండు తీరులను వేఱుపఱచిరి: ఒకటి యకృత్తునే త్వరగా చెఱచి గుండెను చాలవఱకు విడిచిపెట్టును, రెండవది మధుమేహమును హృద్రోగమును వెంటబెట్టుకొని వచ్చును. ఇందుకు వారు చూచినవి వయస్సు, శరీరపు బరువు ఎత్తుల నిష్పత్తి, మూడు నెలల చక్కెర లెక్క, ఎ.ఎల్.టి. అను యకృత్తు ఎంజైము, ఎల్.డి.ఎల్. అను కొలెస్ట్రాలు, ట్రైగ్లిసరైడులను రక్తపు క్రొవ్వులు. ఈ ఆఱింటిలో యకృత్తునుండి ముక్క తీసి చూడవలసినది ఒక్కటియు లేదు.